టెక్ సందేహాలు: దుం పడేసరికి నడుము ఎక్కడుంది?

ప్రశ్న: సార్, ఏడాదిగా ఆన్‌లైన్‌లో బెల్లీ డాన్స్ నేర్చుకుంటున్నాను. వచ్చే నెల మా ఊళ్లోనే స్టేజీ మీద మొదటిసారి ఒక్కదాన్నే చెయ్యాలి. నాలుగు నిమిషాల పాట. మేడం కొరియోగ్రఫీ వీడియో ఫైలు పంపారు. దాన్ని ఫోన్‌లోంచి టీవీకి కాస్ట్ చేసి, సౌండు బ్లూటూత్ స్పీకర్లో పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నాను. ఎంత చేసినా తాళం తప్పుతోంది, కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. తేడా నాలో ఉందా, సామాన్లో ఉందా?
– ఓ గృహిణి, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: సగం తప్పు సామానుదేనమ్మా. బొమ్మ ఒక దారిన టీవీకి పోతోంది, సౌండు ఇంకో దారిన స్పీకరుకి పోతోంది. రెండూ గాల్లోంచే వెళ్తాయి, రెండూ ఆలస్యంగానే చేరతాయి, పైగా ఆ రెండు ఆలస్యాలూ ఒకటి కావు. మామూలు బ్లూటూత్ స్పీకరు సెకనులో ఐదో వంతు వెనకబడడం కొత్తేం కాదు. పాట నిమిషానికి 120 దెబ్బల మీద నడుస్తుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది అర సెకనే. అందులో ఐదో వంతు సెకను పోయిందంటే దాదాపు సగం దెబ్బ పోయినట్టే. మేడం హిప్ డ్రాప్ (నడుము ఒక పక్క టక్కున దించడం) ముగించేశాక మీకు దుం, అంటే డ్రమ్ము మీది బరువైన దెబ్బ, వినబడితే మీరేం చేస్తారు పాపం! ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చండి, సౌండు కూడా టీవీదే వాడండి. సగం గొడవ అక్కడితో పోతుంది.

ఇక కుడి ఎడమలు. మేడం మీకు ఎదురుగా నిలబడితే ఆవిడ కుడి చెయ్యి మీ ఎడమ పక్కకొస్తుంది. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే టూల్స్‌లో ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్, అందులో వీడియో ఎఫెక్ట్స్, జామెట్రీ తెరవండి. ట్రాన్స్‌ఫామ్ దగ్గర టిక్ పెట్టి ఫ్లిప్ హారిజాంటల్లీ ఎంచుకోండి. వీడియో అద్దంలా మారిపోతుంది. కొందరు టీచర్లు ముందే తిప్పి పంపుతారు కాబట్టి ఆవిడ వెనక గోడ మీద క్యాలెండరో, బల్ల మీద డబ్బా మీది అక్షరాలో ఓసారి చూడండి. అవి తిరగబడి ఉంటే మళ్లీ తిప్పకండి.

వేగం తగ్గించుకోవడానికి వీఎల్‌సీలో ఎడమ చదరపు బ్రాకెట్ మీట నొక్కుతూ పోవాలి. కానీ 0.75 కంటే కిందికి దిగొద్దని నా సలహా. శ్రుతి మారకుండా పాటని సాగదీసే క్రమంలో సాఫ్ట్‌వేర్ డ్రమ్ము దెబ్బను నలిపేస్తుంది. సగం వేగంలో ఒక్క దెబ్బ రెండు దెబ్బల్లా కొట్టుకుంటుంది. బెల్లీ డాన్స్‌కి వేసే అరబ్బీ పాటలో ప్రాణమంతా ఆ దెబ్బలోనే ఉంది మరి. అందులో మక్సూమ్ అనే తాళం ఎనిమిది గళ్లు (దుం బరువు దెబ్బ, తెక్ తేలిక దెబ్బ): దుం, తెక్, ఖాళీ, తెక్, దుం, ఖాళీ, తెక్, ఖాళీ. సయీదీ అనే ఇంకో తాళంలో నాలుగో గడిలో తెక్ పోయి దుం వస్తుంది, తేడా అంతే. ఆ ఒక్క గడి సరిగ్గా వినబడకపోతే నడుము ఎప్పుడు దించాలో తెలీదు. ముందు ఆ ఎనిమిదీ చేత్తో తొడ మీద వేసి చూడండి, నడుము సంగతి తర్వాత. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరివాళ్లకి తాళం గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమేననుకోండి. ఆయన చేతులతో ఒక తాళం, కాళ్లతో ఇంకో తాళం వేసేవారని చెప్పుకుంటారు. చేతులు నెమ్మదిగా పాకుతుంటే నడుము షిమ్మీ కొట్టడం (గబగబా వణికించడం) కూడా అదే కష్టం.

మీ వీడియో మీరు తీసుకునేటప్పుడు ఫోన్‌ని నడుము ఎత్తులో అడ్డంగా పెట్టి, వెనక కెమెరాతో తియ్యండి. నేల మీద పెట్టి తీస్తే కాళ్లే పెద్దవిగా కనబడతాయి. షిమ్మీ మామూలు వీడియోలో అలికేసినట్టుంటుంది, స్లో మోషన్‌లో తీస్తేనే ఏ మోకాలు మొరాయిస్తోందో తెలుస్తుంది. అది పగలే తియ్యాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత రకం ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మిణుకుమంటుంది. మామూలుగా కంటికి ఆనదు గానీ స్లో మోషన్‌లో గదంతా కొట్టుకుంటుంది.

చివరి పది రోజులూ టీవీ కట్టేసి, పాట ఒక్కటే పెట్టుకోండి. స్టేజీ మీద ఎదురుగా మేడం ఉండరు కదా. ఎక్కడ ఆగిపోతారో ఆ ముక్క మాత్రమే మళ్లీ టీవీలో చూడండి. అద్దం వీడియో అలవాటైనవాళ్లు మొదటి అరనిమిషం బాగా చేసి, ఆ తర్వాత దిక్కులు చూస్తారు. ఇది అనుభవజ్ఞులైన డాన్సర్ల మాట, నాది కాదు. నాకు పెళ్లి ఊరేగింపులో ఎగరడం మాత్రమే వచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి డాన్సుకి పాట ఫోన్‌లో ఉంది. హాల్లో అలాగే ఇచ్చేయొచ్చా?
– పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

జవాబు: వద్దు. ఓ వార్షికోత్సవంలో పాటలు వేసింది నేనే. ఫ్లైట్ మోడ్ పెట్టడం మర్చిపోయాను. స్టేజీ మీద పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉండగా మా బావగారి ఫోనొచ్చింది, హాలంతా నా రింగ్‌టోనే. ఆ పిల్ల కాలు దించలేదు, నేనే తల దించుకున్నాను. పాటని ఎంపీ3గా 32 జీబీ మించని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఇవ్వండి. పాత మిక్సర్లు వేరే ఫార్మాట్‌ని చాలాసార్లు చదవవు. అందులో ఆ ఒక్క పాటే ఉండాలి. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట ముందు ఐదు సెకన్ల నిశ్శబ్దం చేర్చండి, పాప నడిచొచ్చి నిలబడడానికి. పాటల యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి పెన్‌డ్రైవ్‌కి రావు, ఆఖరి రోజున వెతుక్కోకండి.

ప్రశ్న: నా ప్రాక్టీస్ వీడియోలు హాల్లో టీవీ మీద ఫొటోలతో పాటు వచ్చేశాయి. మావయ్యగారు చూశారు! ఏం చెయ్యాలి?
– బొబ్బిలి

జవాబు: గూగుల్ ఫొటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ ఉంది. వాటిని అందులోకి పంపితే ఆల్బమ్‌ల్లోనూ జ్ఞాపకాల్లోనూ కనబడవు. ఆ ఫోల్డర్‌కి బ్యాకప్ ఆన్ చెయ్యకపోతే మాత్రం యాప్ తీసేసినప్పుడు వీడియోలు కూడా పోతాయి. టీచర్‌కి పంపాల్సింది ఏదైనా ఉంటే ముందు దాన్ని బయటికి తియ్యాలి, లోపల్నుంచి షేర్ అవదు. మావయ్యగారు ఏమన్నారో మాత్రం మీరు రాయలేదు.