ముందు ఇంట్లో గోడ దగ్గర ఎత్తు కొలవండి
చిన్నపిల్లలతో థీమ్ పార్కు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: ఆరేళ్ల లోపు పిల్లలను తీసుకుని పార్కుకు వెళ్తే ఏం చూసుకోవాలి? ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: పాపకు రెండున్నరేళ్లు, బాబుకు ఆరేళ్లు. భువనేశ్వర్ దగ్గరి వండర్‌లాకు వెళ్లాలా, హైదరాబాద్ వెళ్లాలా? మావారికి రెండు రోజులే సెలవు. – ఒక పాఠకురాలు, నరసన్నపేట

రెండు రోజులకైతే భువనేశ్వరే. ఆ పార్కు 2024లో ఖుర్దా జిల్లాలో మొదలైంది. విశాఖ–భువనేశ్వర్ వందేభారత్ మధ్యాహ్నం విశాఖలో బయలుదేరి విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస, ఇచ్ఛాపురం మీదుగా రాత్రికి ఖుర్దా రోడ్ చేరుతుంది. ఆ రాత్రి అక్కడే బస చేసి, మర్నాడంతా పార్కులో గడిపి, మూడో రోజు పొద్దున్నే అదే బండిలో తిరిగి రావచ్చు. మధ్యాహ్నం వెళ్లి పొద్దున వచ్చేస్తారు కాబట్టి మొత్తం రెండు రోజుల్లోపే అవుతుంది. వారంలో ఒక రోజు ఈ బండి నడవదు కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందు అది చూసుకోండి. అయిదేళ్లు నిండని పాపకు టికెట్ అక్కర్లేదు, కానీ సీటు కూడా ఉండదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు స్లీపర్‌లో బెర్త్ వద్దంటే సగం చార్జీ పడుతుంది. చైర్‌కార్‌లో ఆ వెసులుబాటు లేదు, బాబుకు పూర్తి చార్జీయే.

హైదరాబాద్ వండర్‌లా 2016 నుంచి రావిర్యాలలో ఉంది. పోనూ రానూ రెండు రాత్రుల రైలు ప్రయాణం. రామోజీ ఫిల్మ్ సిటీ కూడా చూద్దామనే ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడ రైడ్ల కంటే సెట్లు చూడటం, బస్సెక్కి దిగడమే ఎక్కువ. ఆరేళ్ల బాబుకు నచ్చుతుంది గానీ, రెండున్నరేళ్ల పాప మూడోసారి బస్సెక్కేటప్పటికే పేచీ మొదలెడుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అదీ మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే క్యూలు తక్కువ. మన సెలవుల పట్టికతో పాటు ఒడిశావాళ్ల పండుగలూ చూసుకోండి. మనకు మామూలు రోజే కదా అని జూన్ మధ్యలో బయలుదేరితే అక్కడ రజ పండుగ రద్దీలో చిక్కుకుంటారు.

ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలే ఉంటే ఇంత దూరం అసలు వద్దని మా అభిప్రాయం. విశాఖ జూ (సోమవారం సెలవు), కైలాసగిరి మీద చిన్న రైలు ఆ వయసుకు చాలు. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి లోపల దారి ఇరుకు, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. చంకన పిల్ల ఉంటే ద్వారం అంచు ముందు తగిలేది పిల్ల తలకే.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు నిండాయి. వయసు చెప్తే అన్నీ ఎక్కనిస్తారా? ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గితే సర్దుకోరా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

అక్కడ లెక్క వయసు కాదు, ఎత్తు. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, 140 దాటితే పెద్దల టికెట్. ప్రతి రైడ్ దగ్గరా గీత గీసిన కొలబద్ద విడిగా ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ పట్టికల ప్రకారం రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు 86, 87 సెంటీమీటర్లు, మూడేళ్లకు 95, 96, నాలుగేళ్లకు 103, అయిదేళ్లకు 110 దాకా. అంటే రెండేళ్లు దాటిన చాలామందికి టికెట్ పడుతుంది, పెద్ద రైడ్లు మాత్రం ఒక్కటీ అందవు. మీ మనవడికి దక్కేది పిల్లల విభాగం, నీళ్లలో చిన్న కొలను, పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఎక్కే మెల్లని రైడ్లు. ఆ సంగతి ఇంటి దగ్గరే వాడికి చెప్పి తీసుకెళ్లండి. గేటు దగ్గర తెలిస్తే రోజంతా ఏడుపే.

ఇంట్లో కొలిచే పద్ధతి: చెప్పులు విప్పించి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనేలా నిలబెట్టండి. చూపు నేరుగా ముందుకు ఉండాలి, గడ్డం ఎత్తకూడదు. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి తల మీదికి దించి, దాని కింది అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టి టేపుతో కొలవండి. రోజంతా నడిచాక వెన్నుపూసల మధ్య మెత్తలు అణగడంతో సాయంత్రానికి ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. అంచున ఉన్న పిల్లల్ని సాయంత్రం కొలిచి చూసుకోవడం మేలు.

సర్దుకోరా అన్నారు. సర్దుకుంటే ఏమవుతుందో చూడండి. ఒడి మీదికి దిగే కడ్డీని ఆ ఎత్తు పిల్లల తుంటికి సరిపడేలా అమర్చుతారు. అంతకంటే పొట్టి పిల్ల కుదుపుకు కడ్డీ కిందనుంచి ముందుకు జారిపోతుంది. భుజాల మీదికి దిగే రకమైతే దాని అంచు భుజానికి కాక మెడకు, దవడకు తగులుతుంది. పైగా చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు బలహీనం. పెద్దవాళ్లకు సరదాగా అనిపించే కుదుపు వాళ్ల మెడకు ఎక్కువ. ఎత్తు సరిపోయినా బెదిరిన పిల్లను ఎక్కించకండి. సగం తిరిగాక భయపడి లేచి నిలబడే పిల్లతోనే ప్రమాదం.

ప్రశ్న: బయటి తిండి లోపలికి తేకూడదంటున్నారు. ఏడాదిన్నర బాబుకు ఏం పెట్టాలి? – ఒక పాఠకురాలు, రాజాం

ఇలాంటి పార్కుల్లో పెద్దల తిండిని గేటు దగ్గర ఆపినా పసిపిల్లల ఆహారాన్ని సాధారణంగా అనుమతిస్తారు. పెద్ద క్యారేజీలో పులిహోరతో పాటు పెట్టారంటే మొత్తం ఆపేస్తారు. బాబుది విడిగా చిన్న సంచిలో, పైన కనిపించేలా పెట్టుకోండి.

వండిన తిండి కంటే పొడి తిండి మంచిది. వేయించి పట్టిన చోడి (రాగి) పిండి లేదా ఉగ్గు పొడిని పూటకు రెండు చెంచాల చొప్పున విడివిడి పొట్లాలు కట్టి, ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్తే అప్పటికప్పుడు కలిపి పెట్టొచ్చు. చోడి పిండి పచ్చిదైతే ఫ్లాస్కు నీళ్లకు ఉడకదు, కడుపు నొప్పి వస్తుంది. అందుకే వేయించి పట్టించాలి. అరటిపండు, మెత్తని ఇడ్లీ పర్వాలేదు. పెరుగన్నం వద్దు, ఎండలో రెండు గంటలు దాటితే నమ్మకం లేదు. కలిపిన పాలపొడి పాలు బయట ఉంచితే రెండు గంటల్లో, బాబు నోరు పెట్టినవైతే గంటలో పారబోయాలి. జంతిక ముక్కలు, వేరుశెనగ పలుకులు, పాప్‌కార్న్ ఈ వయసుకు గొంతులో అడ్డుపడతాయి. నడుస్తూ, పరిగెడుతూ ఉన్న పిల్లాడికైతే మరీను.

ఒంట్లో నీరు తగ్గితే తాగించడానికి ఓఆర్ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. పెద్ద పొట్లమైతే మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్నవీ దొరుకుతాయి, కాబట్టి పొట్లం మీద రాసింది చదవండి. పెద్ద పొట్లం తెచ్చి గ్లాసులో సగం వేసి కలపడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఉప్పు ఎక్కువై పిల్లకు మేలు బదులు కీడు జరుగుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యని పానీయాలు దీనికి బదులు కావు. నాలుగైదు గంటలుగా డైపర్ పొడిగానే ఉంటే, ఏడిస్తే కన్నీళ్లు రాకపోతే, మగతగా ఉంటే ఇక రైడ్ల సంగతి వదిలేసి నేరుగా ప్రథమ చికిత్స గదికి వెళ్లండి.

ప్రశ్న: నీళ్లలో ఆటలకు ఏ బట్టలు వేయాలి? డైపర్ ఉంచొచ్చా? – ఒక పాఠకురాలు, విజయనగరం

నూలు బట్టలు కుదరవు. నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి. నైలాన్ లేదా పాలిస్టర్ టీషర్టు, బిగుతు ప్యాంటు తీసుకెళ్లండి. పెద్దవాళ్లకూ ఇదే నియమం: చీర, నూలు పంజాబీ డ్రెస్ నీళ్లలోకి రానివ్వరు. జిప్పులు, లోహపు గుండీలు లేకుండా చూసుకోండి, అవి జారుడుబల్లను గీస్తాయి. అక్కడ కొనేకంటే ఇక్కడే ముందుగా కొనడం చవక.

మామూలు డైపర్ నీళ్లలో ఉబ్బి పగిలిపోతుంది. స్విమ్ డైపర్ విడిగా దొరుకుతుంది. అది మలాన్ని కొంతసేపు ఆపుతుందే తప్ప మూత్రాన్ని ఆపదు. కాబట్టి బట్టలు మార్చే చోటి నుంచి నీళ్ల దాకా వెళ్లేటప్పుడు మీద ఒక తువ్వాలు చుట్టండి, గంటకోసారి తీసి చూడండి. విరేచనాలవుతున్న పిల్లను నీళ్లలో దించనే వద్దు. తగ్గాక కూడా రెండు వారాలు ఆగడం మంచిది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్ కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి బతుకుతుంది.

ఇక అసలు విషయం. మునిగే పిల్ల కేక వేయదు, చేతులు కొట్టుకోదు. చప్పుడు లేకుండా మునిగిపోతుంది. మోకాలి లోతు నీళ్లు కూడా చాలు. అందుకే చెయ్యి చాస్తే అందే దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, ఒక్కో చిన్నపిల్లకు ఒక్కరు చొప్పున. ఆ మనిషి ఫోను లాకర్లో ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆట వస్తువులే, ఊడిపోతాయి, గాలి పోతుంది. కృత్రిమ అలల కొలను రెండున్నరేళ్ల పిల్లలకు వద్దు. అల వచ్చినప్పుడు పక్కన నిలబడ్డ పెద్దవాళ్లే పిల్ల మీద పడతారు.

అరగంట కాగానే ఒకసారి బయటికి తీసి పెదవులు చూడండి. నీలంగా మారినా, వణికినా ఆ పూటకు నీళ్లు చాలు. ఒళ్లు తుడిచి, చెవులు తువ్వాలు కొసతో అద్ది, పొడి బట్టలు వేసి తినిపించారా, అక్కడే నిద్రపోతుంది. ఆ నిద్రను చెడగొట్టకండి. మెల్లని రైడ్లు, తిండి, నీళ్లు, నిద్ర, మళ్లీ ఒకటి రెండు రైడ్లు: చిన్నపిల్ల ఒక రోజులో తట్టుకోగలిగింది ఇంతే. టికెట్ డబ్బులు రాబట్టుకోవాలని సాయంత్రం దాకా లాక్కెళ్లేవాళ్లే చివరికి గేటు దగ్గర పిల్లల్ని కొడుతూ కనిపిస్తారు.

ప్రశ్న: నాకు నాలుగో నెల. పిల్లాడితో పాటు మెల్లని రైడ్లు ఎక్కొచ్చా? – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

వద్దు. మెల్లగా తిరిగేవి కూడా ఆగేటప్పుడు కుదుపుతాయి. తండ్రో, మేనమామో ఎక్కనివ్వండి.

ప్రశ్న: గుంపులో పిల్ల తప్పిపోతే? – ఒక పాఠకుడు, టెక్కలి

పార్కులోకి వెళ్లేముందు గేటు దగ్గర పిల్లను నిలబెట్టి ఒక ఫొటో తీయండి. ఏ రంగు గౌను వేశామో కంగారులో గుర్తురాదు, ఫొటో చూపిస్తే సరిపోతుంది. ముంజేతి లోపలి వైపు బాల్‌పెన్నుతో మీ ఫోను నంబరు రాయండి. ఇద్దరివీ రెండు నంబర్లు రాయాలి, ఒకరి ఫోను లాకర్లో ఉంటుంది కదా. పేరు మాత్రం పైకి కనబడేలా రాయకండి. పేరు పెట్టి పిలిచిన ఎవరి వెంటైనా పిల్లలు వెళ్లిపోతారు. నాలుగేళ్లు దాటిన పిల్లకు యూనిఫాం వేసుకున్న వాళ్లను చూపించి, “కనిపించకపోతే వీళ్ల దగ్గరికే వెళ్లు” అని నేర్పండి.

కనబడకపోతే ముందు నీళ్ల వైపు వెళ్లి చూడండి, దుకాణాలూ ఆటలూ తర్వాత. ఒకరు ఉన్నచోటే నిలబడాలి, ఇంకొకరు సిబ్బందికి చెప్పాలి. బయటైతే 112, లేదా పిల్లల సహాయానికి 1098.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేం. పైడితల్లి అమ్మవారి పండగకు వేసే జెయింట్ వీల్ మూడేళ్ల పిల్లను ఎక్కించొచ్చా? – ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జెయింట్ వీల్, కొలంబస్ (పడవలా ఊగేది) వద్దు. తొట్టి సీటుకీ కడ్డీకీ మధ్య సందు మూడేళ్ల పిల్ల జారిపోయేంత ఉంటుంది. ఒళ్లో పెట్టుకుంటే మీ రెండు చేతులూ పిల్లకే సరిపోతాయి, మీరు పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. రంగులరాట్నం, పిల్లల రైలు చాలు.

వాటినైనా ఎక్కించే ముందు ఒక చుట్టు తిరిగి చూడండి. దసరా రోజుల్లో మనకు వానలు వదలవు. నేల మెత్తబడితే కాళ్ల కింద పెట్టిన దుంగలు ఒకవైపు కుంగుతాయి. దుంగ పక్కన తాజాగా చీలిన మట్టి కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. ఊచ తలుపుకు కొక్కెంతో పాటు పిన్నో, గొలుసో రెండో కట్టుదిట్టం ఉండాలి. తాడుతో కట్టిన తలుపుంటే ఎక్కించకండి. జనరేటర్ తీగలు తడి నేల మీద అతుకులతో పడి ఉంటే ఆ వైపుకే పోవద్దు. జడ ముడి వేసి, చున్నీ తీసేయండి. తిరిగే ఇరుసుల్లో జుట్టు చిక్కుకోవడం ఇలాంటి చోట్ల జరిగే ఘోరమైన ప్రమాదాల్లో ఒకటి.

గాలితో నింపే జంపింగ్ బెలూన్ మెత్తగా ఉంటుంది కదా అని వదిలేయకండి. అక్కడ దెబ్బలు తగిలేది పదేళ్ల పిల్లలు చిన్నవాళ్ల మీద పడటం వల్లే. ఒకే వయసు పిల్లలు నలుగురైదుగురు ఉన్నప్పుడే పంపండి. నాలుగు మూలలా మేకులకు కట్టి ఉందో లేదో చూడండి, గాలి ఈడ్చి కొడుతుంటే వద్దు.

పైడితల్లి పండగలో అసలు ఘట్టమైన సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే తొలి మంగళవారం. ఆ రోజు జనంలో పిల్లను ఎత్తుకుని నిలబడటమే గొప్ప. ఆటల కోసమైతే ఆ రోజును వదిలేసి, మామూలు రోజు సాయంత్రం అయిదింటికి వెళ్లి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేయండి.