వంతుల పుస్తకం

కాజీపేట,
ఆదివారం సాయంత్రం

బిడ్డా,

నిన్ను మన కతోలిక గుడి విచారణ (పారిష్) మండలికి కార్యదర్శిగా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. "అక్కా, దానికి నువ్వే ఏమన్న చెప్పు, నా మాట ఇనది" అని కూడా అన్నది. నువ్వు ఎవరి మాటా వినవని నాకు తెలుసు. అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నాను. కాగితం మీద ఉంటే కోపం తగ్గాక మళ్లీ చదువుకోవచ్చు.

దీంతోపాటు ఒక పాత పుస్తకం పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, చూసి పట్టుకో. ఇరవై రెండేళ్లు ఆదివారం పూజకు నేను వంతులు రాసిన పుస్తకం అది. మొదటి బైబిల్ పఠనం ఎవరిది, రెండోది ఎవరిది, కానుకల పళ్లెం ఎవరు పట్టాలి, చాపలు ఎవరు పరవాలి, పూలు ఎవరు తేవాలి, అన్నీ ఉంటాయి. మొదటి పదేళ్ల పేజీలు తిరగేస్తే నీకే తెలుస్తుంది, అవే ఏడెనిమిది పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అందులో మూడు మన ఇంటివే.

గుడిలో మాత్రం అప్పటికే లోకమంతా ఉంది. బల్లార్షా దిక్కు, సికింద్రాబాద్ దిక్కు, విజయవాడ దిక్కు పట్టాలు చీలే జంక్షన్ మనది. రైల్వే నౌకరీలకు తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, గోవా వాళ్లు వచ్చారు. 1959లో ఆర్.ఈ.సి. ఇంజనీరింగ్ కాలేజీ పెట్టాక దేశం నలుమూలల నుంచి పిల్లలు, పంతుళ్లు వచ్చారు. కాన్వెంట్లకు, దవాఖానాలకు కేరళ సిస్టర్లు, వాళ్ల వెనక ఛోటానాగపూర్ సిస్టర్లు వచ్చారు. గుంటూరు దిక్కు నుంచి భూములు కొనుక్కొని వచ్చిన కుటుంబాలున్నాయి. ఇప్పుడు అపార్టుమెంట్ల పనికి జార్ఖండ్, ఒడిశా వాళ్లు. అసలు మన మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) మొదలే పరాయి యాసతో. 1952లో హైదరాబాద్ నుంచి వేరు చేసి వరంగల్ మేత్రాసనం పెట్టారు కదా, మొదటి మేత్రాణులు (బిషప్) అల్ఫోన్సో బెరెత్తా గారు ఇటలీ మనిషి. అందుకని ఎవరైనా నీ దగ్గరికొచ్చి "ఇది తెలుగోళ్ల గుడమ్మా" అంటే తొందరపడి తల ఊపకు.

ఆ భాష సంగతే ముందు చెబుతాను. నీకు తొలి గొడవ అక్కడే వస్తుంది.

మా చిన్నప్పుడు పూజ లాటిన్‌లో ఉండేది. ఫాదర్ "దోమినుస్ వోబిస్కుమ్" అనగానే మా అన్న, పీఠం దగ్గర సేవకుడు వాడు, "ఎత్ కుమ్ స్పీరితు తువో" అని ఠక్కున అందుకునేవాడు. అర్థం వాడికీ తెలియదు, మాకూ తెలియదు. 1963లో వాటికన్ మహాసభ జనం భాషలకు తలుపు తీసింది, కొన్నేళ్లకు మాకూ తెలుగు పూజ వచ్చింది. తొలిసారి తెలుగులో విని ఇంటికొచ్చిన మా నాయనమ్మ గడపలోనే కూలబడి, "ఇన్నేండ్ల సంది ఆయన అనేది ఇదా!" అన్నది. ఆ ముఖం నేను మరువలేదు. కనుక సువిశేషం (యేసు కథ చదివే భాగం), ప్రసంగం తెలుగులోనే ఉండనీయి. చాప మీద కూర్చునే అవ్వలకు ఇంగ్లీషు రాదు, వాళ్లకు వారంలో ఆ గంటే బడి.

మిగతా చోట్ల చేయి వదులు చేయి. రెండో పఠనం హిందీలోనో ఇంగ్లీషులోనో చదివిస్తే ఎవరి సొమ్మూ పోదు. విశ్వాసుల ప్రార్థనలో ఒక్కో మనవి ఒక్కో భాషలో, ఒక్క వాక్యానికి మించకుండా చెప్పించు, బదులు మాత్రం అందరూ తెలుగులో చెప్పాలి. "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ" దగ్గర ఎవరి భాషలో వాళ్లను ఒకేసారి చెప్పుకోనీయి. మొదటి వారం గందరగోళంగా ఉంటుంది, నాలుగో వారానికి అందరూ ఒకే చోట ఆగడం నేర్చుకుంటారు. మండలిలో ఎవరైనా ముక్కు విరిస్తే, మనం రోజూ అనే ఆమెన్, అల్లెలూయ హీబ్రూవని, కీరియే ఎలెయిసోన్ గ్రీకని గుర్తుచెయ్యి.

తెలుగులోనే రెండు తెలుగులున్నాయని కూడా మరిచిపోవద్దు. మనం దేవుణ్ణి "మీ నామము" అంటాం, మరియమ్మతో "ఏలినవారు మీతో ఉన్నారు" అంటాం. ప్రొటెస్టెంట్ ఇంటి నుంచి కోడలై వచ్చిన పిల్ల "నీ నామము" అని నోటి అలవాటు కొద్దీ అంటుంది. వెనక్కి తిరిగి చూసే ఆడవాళ్లున్నారు మన దగ్గర. వాళ్లను నువ్వు చూడు, ఆ పిల్లను కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను, అసలు ఉత్తరం దీనికోసమే.

ఒక ఏడు పండుగకు నేను అన్ని భాషల పూజ పెట్టించాను. తమిళంలో ప్రవేశ గీతం, మలయాళంలో కానుకల పాట, కొంకణిలో సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) పాట, జార్ఖండ్ ఆడపడుచులు ఎర్రంచు తెల్ల చీరల్లో ఆడుతూ కానుకలు తేవడం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫాదర్ మెచ్చుకున్నారు, నేను వారం రోజులు నేల మీద నడవలేదు. మరుసటి ఆదివారం చూస్తే తమిళుల వరస తమిళులది, మలయాళీల మూల మలయాళీలది, మైకు మళ్లీ మనది. ఏడాదికొక్కరోజు చుట్టాలను పిలిచి పంపినట్టు చేశాను తప్ప ఇంట్లో వాళ్లను చేసుకోలేదు.

ఆ రోజుల్లోనే వెనక స్తంభం పక్కన ఒక జార్ఖండ్ కుటుంబం నిలబడేది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అపార్టుమెంటు పని. పూజ కాగానే వెళ్లిపోయేవాళ్లు. నేను నవ్వేదాన్ని, వాళ్లూ నవ్వేవాళ్లు, అదే పలకరింపు అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఆయన ఫాదర్ దగ్గరికి వచ్చి, ఊరికి పోతున్నాం, ఆశీర్వదించండి అన్నాడు. ఫాదర్ హిందీలో ఏ ఊరని అడిగితే సిమ్డేగా దిక్కు అన్నాడు. అక్కడేం చేసేవాడివి అంటే, మా ఊరికి ఫాదర్ నెలకోసారి వస్తారు, మిగిలిన ఆదివారాలు ప్రార్థన నేనే నడిపేవాణ్ణి, ఉపదేశిని అన్నాడు. పధ్నాలుగేళ్లు! నేను పక్కనే నిలబడి ఉన్నాను, చేతిలో ఈ పుస్తకమే ఉంది. ఇంటికొచ్చి లెక్కపెట్టాను. ఆ ఎనిమిది నెలల్లో రెండో పఠనం మీ పెద్దనాన్న పదకొండు సార్లు చదివాడు.

అప్పటి నుంచి పుస్తకం మారింది. కొత్తవాళ్లను నిలబెట్టి చప్పట్లు కొట్టించడం మానేశాను, సిగ్గుతో చచ్చిపోతారు పాపం. మూడో ఆదివారం కనబడితే చాలు, బయట చెప్పులు తొడుక్కునే చోట పట్టుకొని పేరు, ఊరు, ఏం పని వచ్చో అడిగి, వచ్చే నెలలో ఒక వంతు రాసేదాన్ని. వద్దన్నవాళ్లు తక్కువ. వంతు ఉన్న మనిషి వాన వచ్చినా వస్తాడు, రాలేకపోతే కబురు పెడతాడు. ఆ కబురుతోనే మనకు ఇల్లు తెలుస్తుంది, ఇంట్లో జ్వరం తెలుస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్తగా విను. నేను వంతులు ఇచ్చానని మురిసిపోతుంటే ఒక సిస్టరమ్మ పుస్తకం తీసుకొని ఊడ్చే వంతుల పేజీ, చదివే వంతుల పేజీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఊడ్చేవాళ్లు ఎవరు, చదివేవాళ్లు ఎవరు అని ఆమె అడగలేదు. అక్కర్లేకపోయింది. జార్ఖండ్ వాళ్లు, మన మాదిగ వాడ వాళ్లు చీపురు దిక్కు, మనం మైకు దిక్కు. నువ్వు ఆర్నెల్లకోసారి ఆ పని చెయ్యి. ఒంటరిగా కాదు, మండలి ముందు పెట్టి చెయ్యి.

భాషల గొడవ కొత్తది బిడ్డా, కులం గొడవ పాతది. పుణె నుంచి వచ్చిన సిస్టర్‌కు ఎదురెళ్లి కాఫీ ఇచ్చే ఇళ్లే పక్క వాడ మనిషికి వేరే గ్లాసు వెతుకుతాయి. 2022లో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆ స్థానానికి చేరిన మొదటివారు ఆయనే. ఇక్కడ అందరం మిఠాయి పంచుకున్నాం. పంచిన పళ్లెంలో నుంచి తీసుకోని చేతులు కూడా చూశాను. పండుగ వంటకు ఒక కుటుంబాన్నే పెట్టకు. ఉల్లిగడ్డలు కోయడానికి వాడకు ఇద్దరిని పిలువు. అందరి కండ్లలో నీళ్లు కారాక ఆ బగారా అన్నం ఎవరు వండారని అడిగే మొనగాడు ఉండడు.

పేర్ల విషయంలో నోరు, ఫోను రెండూ అదుపులో పెట్టు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పుస్తకంలో ఒక పేరు, బడి కాగితాల్లో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. తప్పా ఒప్పా అని తీర్పు చెప్పే పని నీది కాదు. జ్ఞానస్నానం ఫొటోలు వాళ్లను అడగకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ప్రకటనల్లో ఇంటిపేర్లు చదవకు. గ్రూపులో తెలుగు చదవలేని వాళ్లుంటారు కనుక పూజ వేళలు నీ గొంతుతో రికార్డు చేసి పెట్టు, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

మలయాళీ కుటుంబాల్లో కొందరు సీరో మలబార్ వాళ్లు, అంటే కతోలికులే, సంప్రదాయం వేరు. మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు వాళ్ల మేత్రాసనమే ఉంది, 1999లో పెట్టారు. మన తపస్సు కాలం (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు) విభూది బుధవారం మొదలైతే వాళ్లది సోమవారమే మొదలవుతుంది. మన దగ్గర పూజకు వచ్చి సత్ప్రసాదం తీసుకోవడానికి వాళ్లకు ఏ అడ్డూ లేదు, ఎన్నేళ్లు వచ్చినా వాళ్ల సంప్రదాయం మారిపోదు. "మీరు మాలో కలిశారా, లేదా?" అని అడిగే పెద్దమనుషులకు ఇది నువ్వే చెప్పు. పెళ్లి కాగితాలు మాత్రం ఫాదర్‌కు వదిలెయ్యి, నువ్వు చేయి పెట్టకు.

నర్సులకు, రైలు నడిపేవాళ్లకు ఆదివారం పొద్దున దొరకదు. శనివారం సాయంత్రం పూజ ఆదివారం లెక్కలోకే వస్తుంది, అది పెట్టించమని ఫాదర్‌ను అడుగు. జనం తక్కువ వస్తారని ఆపనీయకు.

లెక్కలు: కానుకలు ఆ రోజే, ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, ఒకే భాష వాళ్లు కాకపోతే ఇంకా మంచిది. సంతకాలు పెట్టించు. ఆర్థిక మండలి ప్రతి విచారణలో ఉండాలని శ్రీసభ (కతోలిక చర్చి) చట్టమే చెబుతుంది, అది నీ దగ్గర కాగితం మీదే ఉంటే లేపి కూర్చోబెట్టు.

సెప్టెంబరు 8 వేళాంకణి ఆరోగ్యమాత (మరియమ్మ) పండుగ తమిళుల పండుగని మనోళ్లు తప్పుకుంటారు. తేరు అలంకరించడం తమిళులకే ఇవ్వు, అది వాళ్లకు ప్రాణం. తేరు మోసే భుజాలు మాత్రం కలిపి రాయి. అక్టోబరు జపమాలకు భాష వారీగా కాకుండా వీధి వారీగా ఇళ్లు పంచు. జపమాలంత సులువైన ప్రార్థన లేదు ఇలాంటి విచారణకు. పూస జారుతుంటే ఎక్కడున్నామో చేతికే తెలుస్తుంది, ఒక్కో పదిని (పది పూసల వరసను) ఒక్కో భాషలో చెప్పినా ఎవరూ దారి తప్పరు.

ఇక చావు. పని కోసం వచ్చిన మనిషి ఇక్కడే పోతే ఆ ఇంటివాళ్లకు ఎవరిని పిలవాలో తెలియదు. గుంత తవ్వించడం, పెట్టె, ఆంబులెన్స్, ఊరికి ఫోన్, రాత్రంతా కూర్చోవడం, వీటికి ఆరుగురి పేర్లు ముందే రాసిపెట్టు. నా పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి. అందులో ఇద్దరు ఇప్పుడు లేరు, ఒకాయన చెన్నై వెళ్లిపోయాడు. కొత్తవాళ్లను రాసుకో.

కోపం తెచ్చుకోకు, ఫాదర్‌తో వాదన పెట్టుకునేటప్పుడు ముందు భోంచేసి వెళ్లు. మీ అమ్మకు కూడా ఈ మాటే చెప్పేదాన్ని, ఆమె ఎన్నడూ వినలేదు.

మే నెలలో మరియతల్లి జపమాలకు మీ వాడకు వస్తాను. మోకాళ్లు చాప మీద కూర్చోనివ్వడం లేదు, ఒక కుర్చీ వేయించు. మూడో పది నాకు రాసిపెట్టు.

నీ పెద్దమ్మ