మబ్బు పట్టినప్పుడు రాలేమని చెప్పగలగాలి

చిరంజీవి మేనకోడలికి, చిత్తూరు నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

తిరుపతి ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్న నిన్ను ఉత్తరాది కొండప్రాంతంలో హెలికాప్టర్ అంబులెన్సుకు నర్సుగా తీసుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పి, ఆ మాట పూర్తికాకుండానే ఏడ్చింది. 2025 మే 17న కేదార్‌నాథ్ దగ్గర ఋషికేశ్ ఎయిమ్స్ వారి హెలికాప్టర్ అంబులెన్సు దిగబోతూ తోక విరిగిన దృశ్యాన్ని ఆమె టీవీలో చూసింది. అందులో ఉన్న ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారన్న సంగతి మాత్రం ఆమె చెవికెక్కలేదు. వాయుసేన హెలికాప్టర్లలో మనుషులను పైకి లాగే వించ్ తీగ పట్టుకుని ఏళ్లు గడిపిన నాకు గర్వంగానే ఉంది కానీ, భయం లేదని అబద్ధమాడలేను.

నీకు శిక్షణలో చెప్పేవాటిని నేను రెండు ముక్కల్లో గుర్తుచేసి వదిలేస్తాను. రెక్కలు తిరుగుతున్నప్పుడు పైలట్ కంటికి కనబడుతూ ముందువైపు నుంచే వెళ్లాలి, తోకవైపు పోకూడదు, వాలు నేల మీద దిగువ వైపు నుంచే సమీపించాలి. సెలైన్ సీసాను వార్డులో అలవాటైనట్టు తల మీదికి ఎత్తి పట్టుకోకు. వించ్ కొక్కెం నేలనో నీటినో తాకేదాకా దాన్ని ముట్టుకోకు, ఎందుకంటే గాలిలో తిరిగే యంత్రం విద్యుత్తును కూడబెట్టుకుంటుంది, అది నీ చేతిని జాడించి కొడుతుంది.

నేను కూర్చుని రాయదలచినది వేరే ఒక విషయం. 2009 సెప్టెంబరు 2 నీకు లీలగానైనా గుర్తుండాలి. ఆ రోజు ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు మన చిత్తూరు జిల్లాకే రావలసి ఉంది. బేగంపేట నుంచి బయలుదేరిన హెలికాప్టర్ నల్లమల మీద దట్టమైన వానమబ్బుల్లోకి వెళ్లింది. మరునాడు గాని కొండమీద శకలాలు దొరకలేదు, ఐదుగురిలో ఒక్కరూ మిగలలేదు. యంత్రంలో నూనె ఒత్తిడికి సంబంధించిన హెచ్చరిక వస్తే దానికి ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా గడిపారని విచారణ సంఘం తేల్చింది. ఆ ఆరు నిమిషాల గురించి చాలామంది మాట్లాడతారు. నేను అంతకు ముందు సంగతి గురించి ఆలోచిస్తాను. ఇక్కడ జనం ఎదురుచూస్తున్నారు, కార్యక్రమం ఖాయమైంది, ముందు మబ్బు కనబడుతోంది. అటువంటి వేళ వెనక్కి తిరగడం ఎంత బరువైన పనో కాక్‌పిట్ వెనుక కూర్చున్నవాడికి తెలుసు. ముఖ్యమంత్రి కార్యక్రమం కోసమే అంత బరువుంటే, రక్తం కారుతున్న పిల్లవాడి కోసం ఎంత ఉంటుందో ఊహించుకో.

అందుకే చాలా దేశాల్లో ఈ సేవ నడిపేవారు వాతావరణం చూసి నిర్ణయం తీసుకునేదాకా రోగి ఎవరు, వయసెంత, ఎంత ప్రమాదంలో ఉన్నాడు అనే వివరాలను పైలట్‌కు చెప్పరు. ఫలానా చోటినుంచి ఫలానా చోటికి వెళ్లగలరా అని మాత్రమే అడుగుతారు. పైలట్, డాక్టరు, నర్సు అందరూ సరేనంటేనే ప్రయాణం. ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలి. నీది జాలి ఎక్కువున్న మనసు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. "పాపం, చిన్న పిల్లండీ" అని నువ్వు హెడ్‌సెట్‌లో అనే ఒక్క మాట ఆ పైలట్‌ను మబ్బులోకి తోయగలదు. ఆ మాటను మింగుకోవడం నేర్చుకో. కఠినంగా రాస్తున్నానని బాధపడకమ్మా, నువ్వు క్షేమంగా ఉంటేనే కదా పదిమందిని బతికించేది.

మరి రాలేమన్న మాట కిందున్న కుటుంబానికి ఎవరు చెప్పాలి? ఊళ్లలో అవగాహన కల్పించే పని కూడా నీకు అప్పగిస్తున్నారని విన్నాను, అది చిన్న పని అనుకోకు. మన వైపు హెలికాప్టర్ అంటే ఎన్నికల సభే. చప్పుడు వినగానే పిల్లలూ పెద్దలూ మైదానానికి పరుగెత్తుతారు. అక్కడా అంతే ఉంటుంది. కాబట్టి ఆపద రాకముందే బడులకూ పంచాయతీలకూ వెళ్లు. దిగే చోట కరెంటు తీగలు ఉండకూడదనీ, రేకులూ టార్పాలిన్లూ గడ్డీ ఎగిరి రెక్కల్లో పడతాయనీ చూపించు. రెండు చేతులూ పైకి చాచితే సాయం కావాలనీ, ఒకటి పైకీ ఒకటి కిందికీ చాచితే వద్దనీ అర్థమని పిల్లలకు ఆటలా నేర్పు. ఎండ ముదిరినా, ఎత్తు పెరిగినా గాలి పలచబడి యంత్రం మోసే బరువు తగ్గిపోతుంది గనుక, రోగికి తోడుగా నలుగురం ఎక్కుతామంటే కుదరదని ముందే చెప్పు. హెలికాప్టర్ పిలిచాం కదా అని రోడ్డు అంబులెన్సును ఆపవద్దనీ, రెండూ ఒకేసారి బయలుదేరాలనీ గట్టిగా చెప్పు. అన్నిటికన్నా ముందు, మబ్బు పడితే మేము రాకపోవచ్చునని చెప్పు. ముందుగా విన్నవాళ్లు ఆ రోజు తిట్టినా, తరువాత అర్థం చేసుకుంటారు.

2021 నవంబరులో పక్కనే అనంతపురం జిల్లాలో చిత్రావతి వరదలో జేసీబీ మీద చిక్కుకున్న 10 మందిని వాయుసేన మి-17 హెలికాప్టర్ పైకి లాగినప్పుడు మన జిల్లా అంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు మంచివే కానీ వాటితో ఇంధనం రాదు. స్విట్జర్లాండులో 1952లో మొదలైన రేగా అనే ఎయిర్ అంబులెన్సు సంస్థ ప్రధానంగా సామాన్యులు ఏటా కట్టే చందాల మీదే నడుస్తోంది. బ్రిటన్‌లోనూ ఎయిర్ అంబులెన్సులు ఎక్కువగా విరాళాలతోనే ఎగురుతాయి. పేదల వైద్యానికి ప్రాణదాన ట్రస్టుకు డబ్బు పంపే భక్తులున్న తిరుపతి నుంచి వెళ్తున్నదానివి, చందా అడగడానికి సిగ్గుపడకు. అయితే కాపాడిన రోగి ఫొటోను అనుమతి లేకుండా ఏ కరపత్రంలోనూ వేయనివ్వకు.

ఉద్యోగపత్రం మీద సంతకం చేసే ముందు వాళ్లను మూడు విషయాలు అడుగు: నర్సు వద్దంటే ప్రయాణం నిజంగా ఆగుతుందా, పైలట్‌కు రోగి వివరాలు ఎప్పుడు చెబుతారు, రాలేమన్న కబురు ఇంటివాళ్లకు ఎవరు అందిస్తారు. వాళ్లేమన్నారో ఉన్నదున్నట్టు నాకు రాయి. అది చదివాకే మీ అమ్మతో మాట్లాడి ఒప్పిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య