పై పెదవి మీద లేచిపోయిన తోలు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మొటిమలకు డాక్టరు రాసిన అడాపలీన్ జెల్‌ను నాలుగు నెలలుగా రాత్రిపూట రాసుకుంటున్నాను. మూడు రోజుల క్రితం పై పెదవి మీది నూగుకు వ్యాక్సింగ్ చేయించుకుంటే వెంట్రుకలతో పాటు పైతోలు కూడా లేచిపోయింది. గాలికి ఆరబెడితే పక్కు కట్టి త్వరగా మానుతుందని అమ్మ, పసుపులో నిమ్మరసం కలిపి రాయమని అత్తయ్య చెబుతున్నారు. మూడు వారాల్లో మా తమ్ముడి పెళ్లి. మచ్చ పడకుండా మానుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఊడింది చర్మపు పై పొర మాత్రమే కాబట్టి తప్పకుండా మానుతుంది. కొత్త పొర పుండు అంచుల నుంచే కాక వెంట్రుకల కుదుళ్ల నుంచి కూడా పుట్టుకొస్తుంది. ముఖాన ఆ కుదుళ్లకూ రక్తప్రసరణకూ కొదవ ఉండదు గనుక ఇలాంటివి సాధారణంగా వారం పది రోజుల్లో మూసుకుంటాయి. తోలు లేవడానికి ఆ జెల్లే కారణమై ఉంటుందని నా అభిప్రాయం. అడాపలీన్, అదే కోవకు చెందిన ట్రెటినాయిన్ వాడేవారి చర్మం పైపైన పలచబడి మైనంతో పాటు ఊడి వచ్చేస్తుంది. ఆ మందులు వాడుతున్నన్నాళ్లు వ్యాక్సింగ్ చేయించుకోకూడదని మీకు ముందే ఎవరైనా చెప్పవలసింది. పుండు పూర్తిగా మానేదాకా జెల్‌ను అక్కడ రాయకండి.

ఆరబెట్టాలన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉన్నదే, కానీ అది సరికాదు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, గాలికి వదిలేసిన పుళ్ల కంటే పల్చని ప్లాస్టిక్ పొర కప్పి చెమ్మ నిలిపిన పుళ్ల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పరుచుకుంది. పక్కు గట్టిపడితే కొత్త కణాలు దాని అడుగు నుంచి దారి చేసుకుంటూ పాకవలసి వస్తుంది. అందుచేత రోజుకు రెండుసార్లు మంచినీళ్లతో మెల్లగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, పెట్రోలియం జెల్లీని పల్చగా రాసి, అది ఆరిపోయినట్టు అనిపించినప్పుడల్లా మళ్లీ రాయండి. ఇప్పటికే కట్టిన పక్కును గిల్లవద్దు.

నిమ్మరసం మాత్రం దయచేసి వద్దు. పచ్చి పుండును మండించడమే కాక, అది అంటిన చోట ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. వంటింటి పసుపు శుభ్రమైనదని చెప్పలేం కాబట్టి అదీ అక్కర్లేదు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

ఇక మచ్చ సంగతి. మన చాయ చర్మంలో గాయమైన చోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై కొన్నాళ్లు నల్లగా కనిపించడం మామూలే, ఎండ దాన్ని ఇంకా ముదురుగా చేస్తుంది. పుండు మూసుకునేదాకా గొడుగు వాడండి, ఆ తరువాత ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోండి. పెళ్లినాటికి పుండు ఉండదు. కొద్దిపాటి నలుపు మిగిలినా అప్పటికి మేకప్ వేసుకోవచ్చు, కొన్ని నెలల్లో అదే పలచబడుతుంది.

ఎరుపు చుట్టూ పాకినా, చీము పట్టినా, తేనెరంగు పెచ్చులు కట్టినా, గుంపుగా నీటి పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా, రెండు వారాలకూ మూసుకోకపోయినా చర్మవైద్యులకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ జెల్ ట్యూబును వెంట తీసుకువెళ్లండి.