'లోపల' అన్న మాటను దిద్దకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, రికార్డింగు మొత్తం విన్నాను. ఇంగ్లండులోని స్విండన్ రైల్వే విలేజ్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. ఆ ఊళ్లో నేనూ ఆరేళ్లు ఉన్నాను. బ్రిస్టల్ స్ట్రీట్, ఎక్సెటర్ స్ట్రీట్, టాంటన్ స్ట్రీట్... రైలు వెళ్లే ఊళ్ల పేర్లే వీధులకు పెట్టుకున్న ఆ పేట మీద ప్రేమ కొద్దీ కాస్త గట్టిగానే చెబుతున్నాను. నొచ్చుకోకమ్మా.

తేదీలన్నీ సరిగ్గా రాశావు. 1843లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపు మొదలవడం, పనివాళ్ల కోసం మూడు వందల దాకా రాతి ఇళ్లు లేవడం, 1986లో వర్క్‌షాపు మూతపడటం అన్నీ ఉన్నాయి. కానీ నువ్వు మాట్లాడించిన ఆ పేట పెద్దాయన రికార్డింగులో 'నలభై ఏళ్లు లోపల ఉన్నాను' అంటాడు. నీ వ్యాసంలోకి వచ్చేసరికి ఆ మాట 'నలభై ఏళ్లు రైల్వే కర్మాగారంలో పనిచేశారు' అయిపోయింది. ఆ పేట మొత్తం ఆ ఒక్క మాటలో ఉంటే దాన్నే తీసేశావు.

ఆ మాట దగ్గర నేనూ ఒకప్పుడు పొరపాటు చేశాను. మా పక్కింటావిడ ఒకరోజు గోడ దగ్గర నిలబడి, వాళ్ల నాన్న ముప్ఫై ఏళ్లు 'ఇన్‌సైడ్' ఉన్నాడని చెప్పింది. లోపలున్నాడంటే మనకి జైలే కదా, ఇంగ్లీషులోనూ అంతే. ఆమెను బాధపెట్టడం ఎందుకని గబగబా వాతావరణం మీదికి మాట మళ్లించాను. స్విండన్‌లో లోపల అంటే వర్క్‌షాపు లోపలని నాకు నెలల తర్వాత ఇంకొకరి నోట తెలిసింది. పొద్దున్నే పట్టాల కింది సొరంగంలోంచి నడిచి వేలమంది ఆ లోపలికే వెళ్లేవారు. అప్పటికి ఆమె ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న కొలిమి దగ్గర చేశాడో, బోగీలకు రంగులు వేశాడో నేను అడగనే లేదు.

ఇక కూత సంగతి. వర్క్‌షాపు సైరన్ గురించి నువ్వు రెండు వాక్యాలు రాసి వదిలేశావు. 1870లలో ఊరి పక్కన లిడియార్డ్ పార్క్ అనే ఎస్టేటులో ఉండే బోలింగ్‌బ్రోక్ ప్రభువు, ఆ కూత తన నిద్ర పాడుచేస్తోందని ఫిర్యాదు చేశాడు. ప్రభువు గనక ఆయన నిద్ర కాగితం మీదికెక్కింది. టాంటన్ స్ట్రీట్‌లో ఆ కూతకి లేచి పొయ్యి ముట్టించిన ఆడవాళ్ల నిద్ర ఎవరి కాగితంలోనూ లేదు. అది వాళ్ల పిల్లల, మనవల నోటిలోనే ఉంది. నువ్వు వెళ్లాల్సింది అక్కడికి.

వర్క్‌షాపు పనివాళ్లు ఇంటిల్లిపాదితో ఏటా వెళ్లే విహారం గురించి 'ట్రిప్ ఎలా ఉండేది' అని అడిగావు. 'బాగుండేది' అన్నారు. అలా అడిగితే ఎవరైనా అదే అంటారు. 1849లో ఐదు వందల మందితో ఆక్స్‌ఫర్డ్‌కి మొదలైన ఆ ఏటేటి ప్రయాణంలో, 20వ శతాబ్దం తొలి ఏళ్లకల్లా ఇరవై వేల మందికి పైగా కదిలేవారు. రైలు ఉచితమే, కానీ చాలాకాలం ఆ సెలవు రోజులకు జీతం లేదు. సముద్రం చూసొచ్చిన ఇంట్లో ఆ తర్వాతి వారం ఏం వండారో వాళ్ల అమ్మానాన్నలు చెప్పి ఉంటారు. అది అడుగు. సంచిలో ఏం సర్దుకున్నారో, ఎవరిని ఇంట్లో వదిలి వెళ్లారో అడుగు.

1847లో మొదలైన పనివాళ్ల వైద్యనిధి గురించి నీ పేరా బాగుంది, ముట్టుకోకు. బారక్స్ కట్టడాన్ని మాత్రం ఒక్కరి మాట మీదే వదిలేయకు. అది ఒంటరి కూలీల బస, తర్వాత వెస్లియన్ ప్రార్థనాలయం, 1962 నుంచి కొన్ని దశాబ్దాల పాటు రైల్వే మ్యూజియం. ఎవరి వయసును బట్టి వాళ్లకి అది వేరే ఇల్లు.

'నేను బయటిదాన్ని, నాకేం హక్కు' అని రాశావు. ఆల్‌ఫ్రెడ్ విలియమ్స్‌ని చదువు. ఆ వర్క్‌షాపులోనే ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన సమ్మెట పనివాడు. అక్కడి బతుకు మీద 1915లో పుస్తకం వేశాడు. తర్వాత సైనికుడిగా ఇండియా వచ్చి వెళ్లి, సంస్కృతం నేర్చుకుని, మన పంచతంత్ర కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1930లో చనిపోయేదాకా లేమిలోనే ఆ పని చేశాడు. ఆయన మన కథల దాకా వచ్చాడు, నువ్వు ఆయన పనిచేసిన ఊరి దాకా వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరగా ఒక పని. రికార్డింగు పద్దెనిమిదో నిమిషంలో కుక్క మొరుగుతుంది చూడు. సరిగ్గా అక్కడే ఆ పెద్దాయన 'మా అమ్మ గడియారం చూసేది కాదు' అని ఆగాడు. నువ్వు వెంటనే ఇంటి అద్దె ఎంతని అడిగావు. ఈ శనివారం మళ్లీ వెళ్లు. ఆ వాక్యం దగ్గర్నుంచే మొదలుపెట్టు.

ఉంటాను,
బాబాయి