గడ్డకట్టే చలి ఉండే చోట స్టాంప్డ్ కాంక్రీట్ (తడిగా ఉండగానే అచ్చులతో డిజైన్ ఒత్తిన కాంక్రీట్) నిలుస్తుందా?

నిలుస్తుంది, కానీ పైన డిజైన్ కన్నా మిక్స్‌లో ఏముంది, కింద ఏం వేశారు అన్నదే అసలు విషయం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పైపొర పెచ్చులుగా లేచిపోతుంది కాబట్టి ఆ ఉబ్బుకు చోటిచ్చేలా 5 నుంచి 7 శాతం సన్నటి గాలి బుడగలు ఉండే ఎయిర్ ఎంట్రైన్డ్ మిక్సే అడగండి, అచ్చు సులువుగా పడుతుందని సైట్‌లో అదనంగా నీళ్లు మాత్రం కలపనివ్వకండి. కింద కంకర పరిచి దిమ్మిస కొట్టించాలి, వాలు తప్పనిసరి.

పైన రక్షణగా పూసే సీలర్ రెండు మూడేళ్లకోసారి, అదీ పల్చగా. మందంగా వేస్తే తేమ లోపల చిక్కుకుని తెల్లబడుతుంది, పైగా జారుతుంది.

మొదటి చలికాలం ఉప్పు అస్సలు వద్దు, ఇసుక చల్లండి చాలు. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న మంచు కరిగించే మందులైతే ఎప్పటికీ వద్దు, అవి కాంక్రీటునే తినేస్తాయి.