క్రానిక్ ఫెటీగ్ క్లెయిమ్ కొట్టేస్తే ఏం చేయాలి: సమాధానం

అమ్మా, మీవారు అమెరికా ఆర్మీలో ఉండి 2009లో ఇరాక్ వెళ్లొచ్చారన్నారు. ఆయనకు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (నెలల తరబడి వదలని తీవ్రమైన నీరసం జబ్బు) ఉందని పరిహారం కోసం క్లెయిమ్ పెడితే, సర్వీసులో ఉన్నప్పటి రికార్డుల్లో ఈ జబ్బు లేదని వీఏ (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) కొట్టేసిందన్నారు. ఆ ఒక్క కారణానికే కొట్టేస్తే మీ కేసు గట్టిదే. ఇరాక్, కువైట్ లాంటి చోట్ల పనిచేసినవాళ్లకు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ సర్వీసు వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. అప్పటి మందుల చీటీలు చూపించక్కర్లేదు.

తొందరపడి హయ్యర్ లెవెల్ రివ్యూ (పై అధికారి అదే ఫైలు మళ్లీ చూడటం) వేయకండి, అందులో కొత్త కాగితం ఒక్కటీ తీసుకోరు. డాక్టరు ఉత్తరం కొత్తగా తెచ్చుకుని సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త ఆధారాలతో మళ్లీ అడగడం) వేయండి, ఫారం 20-0995. నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు వేస్తేనే మొదటి క్లెయిమ్ నాటి పాత తేదీ నుంచి డబ్బు లెక్కగడతారు.

అసలు కథంతా ఆ ఉత్తరంలోనే ఉంది. "నీరసంగా ఉంటున్నాడు" అని రాస్తే చెత్తబుట్టకే. రోజువారీ పనులు మునుపటిలో సగానికంటే తగ్గి ఆరు నెలలైనా అయిందనీ, థైరాయిడ్ లాంటి వేరే కారణాలు పరీక్షించి లేవని తేల్చామనీ, ఈ జబ్బుకు వీఏ నిబంధనలో రాసిన పది లక్షణాల్లో కనీసం ఆరు ఉన్నాయనీ స్పష్టంగా ఉండాలి. మంచం దిగొద్దని డాక్టరు చెప్పిన వారాలుంటే తేదీలతో సహా రాయించండి, రేటింగుకు (జబ్బు ఎంత శాతమో తేల్చడానికి) అవి పనికొస్తాయి.

మీరూ సాక్షిగా ఫారం 21-10210లో కళ్లారా చూసింది రాయండి: స్నానం చేసొచ్చి గంటసేపు పడుకోవడం, స్టవ్ మీద పాలు మర్చిపోవడం.

డబ్బులడిగే ఏజెంట్ల జోలికి ముందే వెళ్లకండి. మీ కౌంటీ వెటరన్స్ ఆఫీసులో ఉచితంగానే ఫైల్ చేసిపెడతారు.